షష్టికీ షష్ఠికీ మధ్య ఒక ఒత్తు

ఆ పెద్దాయన ఇందుకూరుపేట దగ్గర ఒక పల్లె నుంచి వచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో నాలుగు మడతలు పెట్టిన రూళ్ల కాగితం. వాళ్ల అన్నకు అరవై నిండుతున్నాయి, మూడు వందల కార్డులు కావాలి. మేటరంతా ఆయనే నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చాడు. పైన "షష్టిపూర్తి ఆహ్వానము" అని ఉంది. "నేను అయిదో తరగతితోనే ఆపేసినానమ్మా. తప్పులుంటే నువ్వే చూసి దిద్దు" అన్నాడు.

నేను దిద్దాను. టకు ఒత్తు పెట్టి "షష్ఠిపూర్తి" చేశాను.

ఇది 2019 నాటి మాట. అప్పటికి నెల్లూరు ట్రంకురోడ్డుకు దగ్గర్లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ ఆపరేటరుగా ఏడేళ్లు పనిచేశాను. పెళ్లి కార్డులు, కర్మకాండల కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, ఫ్లెక్సీలు, ఏదొచ్చినా కొట్టేదాన్ని. వేగంగా కొడతానని పేరు కూడా ఉంది. శివకాశి నుంచి వచ్చే ఖాళీ కార్డుల మీద మేము మేటరు అచ్చు వేసి ఇస్తాం. ఒకసారి అచ్చయ్యాక ఆ కార్డు ఇంక దేనికీ పనికిరాదు.

మూడో రోజు ఆయన వచ్చి, కట్ట విప్పి, పైనున్న కార్డును కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. ఒకసారి చదివి, మళ్లీ మొదటికొచ్చాడు.

"అమ్మా, షష్ఠి అంటే తిథి గదమ్మా. సుబ్బరాయుడి షష్ఠి. మా అన్నకు వచ్చింది అరవై గదా."

"అందరూ ఇట్టాగే వేయించుకుంటారు పెద్దాయనా" అన్నాను. శాంపిల్ ఆల్బమ్ తీసి పాత కార్డులు చూపించాను. చాలావాటి మీద ఒత్తు ఉంది. అవన్నీ మేము కొట్టినవే. ఆయన వాటిని ఓపిగ్గా చూసి పక్కన పెట్టాడు. "వాళ్లు తెలియక వేయించుకోని ఉంటారు. నేను తెలిసి రాసిచ్చినాను గదమ్మా. మా నాయన నాచేత పలక మీద రాయించిన మాట అది." ఆయన గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేసి మర్చిపోయేదాన్నేమో.

కార్డులు మళ్లీ వేయించాం. ఖర్చులో సగం నా జీతంలో పట్టుకోమని ఓనరుకు నేనే చెప్పాను.

ఆ సాయంత్రం కోవూరు బస్సులో పెన్నా వంతెన దాటుతుంటే ఒకటే ప్రశ్న పట్టుకుంది. తెలియక తప్పు కొట్టడం వేరు. ఎదుటి మనిషి ఒప్పు రాసి చేతికిస్తే, దాన్ని నేను పనిగట్టుకుని తప్పు చేశాను. నిఘంటువు చూడలేదు, ఎవరినీ అడగలేదు. మరి ఆ ఒత్తు ఎందుకు పెట్టాను? ఎంత ఆలోచించినా ఒకటే జవాబు దొరికింది. ఒత్తు ఉంటే మాట పెద్దదిగా, గౌరవంగా కనబడుతుందని. అయిదో తరగతి చదివినాయన రాసిన మాటలో ఒత్తు తగ్గింది కాబట్టి అది తప్పే అయివుంటుందని.

మర్నాడు డ్యూటీ అయ్యాక శాంపిల్ ఆల్బమ్ ముందేసుకుని కూర్చున్నాను. ఏడేళ్లుగా రోజూ తిరగేస్తున్న ఆల్బమే అది. ఆ రోజు మాత్రం అక్షరం అక్షరం చదివాను. పెళ్లి కార్డుల్లో పెళ్లికూతురి పేరు ముందు "ఛి.ల.సౌ." అని ఉంది. ఒకటి కాదు, రెండు కాదు. చి అంటే చిరంజీవి. దాన్ని పొడి అక్షరం చేసి "చి" అని వేస్తారు. ఛి అన్నది చీదరించుకునేటప్పుడు అనే మాట. పందిరి వేసి, పసుపు కొట్టి, పదిమందినీ పిలుచుకునే ఇంట్లో ఆడపిల్ల పేరు ముందు ఆ అక్షరం పెట్టి ఇన్నాళ్లూ నేను అచ్చు వేయించాను. ఆ కార్డులు ఇప్పటికీ ఎవరెవరి బీరువాల్లోనో పట్టుచీరల కింద భద్రంగా ఉంటాయి. ఆల్బమ్ మూసి చాలాసేపు అట్టాగే కూర్చున్నాను.

అప్పుడు ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ఎడమవైపు పేజీలో నేను చూసిన మాట, కుడివైపు అసలు మాట. మొదటి నెలలోనే చాలా పేజీలు నిండాయి. "బాధ"లో ఒత్తు రెండో అక్షరానికే ఉంది. మేము "భాధ" అని మొదటిదానికి కూడా తగిలిస్తాం. "ఉద్దేశం"లో ఒత్తే లేదు, "ఉద్ధేశం" చేస్తాం. "అన్నదానం" ఫ్లెక్సీ మీదికి ఎక్కేసరికి "అన్నధానం" అవుతుంది. ఇంకో రకం ఉంది. అశ్రునయనాలను "అశృనయనాలు" అని, శ్రుతిని "శృతి" అని రాయడం. ర కింద కొమ్ము ఉండాల్సిన చోట సుడి వస్తుంది. సుడి కూడా ఒత్తులాగే చూడటానికి పండితుల అక్షరంలా ఉంటుంది, అందుకేనేమో. హృదయానికి, కృతజ్ఞతకు మాత్రం సుడి కావాలి. అక్కడ తీసేసి "హ్రుదయం" అని కొడతారు.

రాసుకున్నాను సరే, కారణం తెలియకుండా ఎన్ని మాటలని గుర్తుపెట్టుకోవడం? మా ప్రెస్సుకు తన పుస్తకాల పనిమీద వచ్చే తెలుగు సార్ ఒకాయన ఉన్నారు. రిటైరయ్యారు. మొహమాటపడుతూనే నోట్‌బుక్ చూపించాను. ఆయన నవ్వుతారేమో అని టెన్షన్. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మొత్తం చదివారు. తర్వాత అన్నారు: "ఒత్తు సంగతి నీ చెవి నీకు చెప్పదమ్మా. చెప్పలేదు కూడా. అమ్మ, నాన్న, నీళ్లు, చేను, ఎద్దు... ఏవో ఒకటి రెండు తప్ప అచ్చమైన మన మాటల్లో ఠ, ధ, భ లాంటి ఒత్తక్షరం యాడుంది? అవన్నీ సంస్కృతం నుంచీ ఉర్దూ నుంచీ వచ్చిన మాటల్లోవి. మనం మాట్లాడేటప్పుడు దనం, బాద, అర్దం అనే అంటాం. నోట్లో లేనిదాన్ని కాగితం మీద ఎక్కడ పెట్టాలో ఎట్టా తెలుస్తుంది? మాటకు చుట్టాలుంటారు. వాళ్లను పిలిచి అడుగు."

చుట్టాలను పిలవడం అంటే ఏమిటో షష్టితోనే చూపించారు. సంస్కృతంలో ఇరవై వింశతి, డెబ్బై సప్తతి, ఎనభై అశీతి, తొంభై నవతి. అన్నిటి చివరా ఒత్తులేని "తి". అరవైకీ అదే "తి". పక్కన ష ఉండబట్టి "టి" అయి, షష్టి అయింది. ఇక తిథులకు వస్తే, నాలుగోది చతుర్థి, అక్కడ థకు ఒత్తు ఉంది. ఆరోది షష్ఠి, అక్కడా ఒత్తు ఉంది. "ప్రథమ"లో థ కూడా ఈ వరసదే, కానీ కార్డుల మీద "ప్రధమ వర్ధంతి" అని ధ పెట్టి కొడుతుంటాం. చతుర్దశి మాత్రం ఈ వరసలోది కాదు. అది చతుర్, దశ కలిసిన మాట, పద్నాలుగు. దశకు ఒత్తు లేదు కాబట్టి చతుర్దశికీ లేదు. ఆయన పది నిమిషాల్లో చెప్పింది వింటుంటే, ఇన్నాళ్లూ చీకట్లో తడుముకున్న గదిలో ఎవరో లైటు వేసినట్టయింది. ఇందుకూరుపేట పెద్దాయన అన్న మాటే ఇది. ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు, సార్ విడమరిచి చెప్పారు.

అప్పటి నుంచి ఏ మాట చూసినా చుట్టాల కోసం వెతకడం అలవాటయింది. దానం, దాత, ప్రదాత, ప్రదానం, ఇవన్నీ ఇవ్వడానికి సంబంధించిన ఇల్లు. నిధి, విధానం, సన్నిధానం, ప్రధానం, ఇవి ఉంచడం, పెట్టడం అనే ఇల్లు. బహుమతులు ఇస్తాం కాబట్టి అది బహుమతి ప్రదానోత్సవం. "ప్రధానోత్సవం" అంటే ముఖ్యమైన ఉత్సవం అవుతుంది గానీ ఇచ్చే ఉత్సవం కాదు. అర్ధం అంటే సగం: అర్ధరాత్రి, అర్ధచంద్రుడు, అర్ధనారీశ్వరుడు. అర్థం అంటే భావం, ధనం, కోరిక కూడా: పదార్థం, అర్థశాస్త్రం, విద్యార్థి, ప్రార్థన. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు మా ప్రెస్సు రాత్రి పగలు నడిచింది. వచ్చిన ప్రతి కరపత్రం మీదా "సర్పంచ్ అభ్యర్ధి" అనే ఉండేది. అర్థించేవాడు, అంటే కోరి వచ్చేవాడు అభ్యర్థి. థ రావాలి. వాళ్లనడిగి మార్చాను. ఆ హడావుడిలో ఎవరూ కాదనలేదు.

అన్ని మాటలకూ చుట్టాలు అక్కర్లేదు. కోవూరు నుంచి నెల్లూరు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని బోర్డులు చదవడం మొదలుపెట్టాక అది తెలిసింది. "పని వేలలు" అని ఒక షాపు మీద ఉండేది. వేళ అంటే సమయం, వేల అంటే వెయ్యికి బహువచనం, వెల అంటే ధర. ఇవి రోజూ మన నోట్లో నలిగే మాటలు, చెవికి తెలిసేవి. మా అమ్మకు చదువు లేదు. అయినా కల్లు వేరుగా, కళ్లు వేరుగా పలుకుతుంది. కల అంటే నిద్రలో వచ్చేది, కళ అంటే మొహంలో ఉండేది అని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకని లకూ ళకూ అనుమానం వస్తే ఇంటికెళ్లి అమ్మ చేత ఆ మాట అనిపిస్తాను. నకూ ణకూ మాత్రం నిఘంటువే దిక్కు. అణువు అంటే రవ్వ, అనువు అంటే వీలు. ఫోన్‌లో ఆంధ్రభారతి నిఘంటువు తెరిచి పెట్టుకుంటాను.

శ, స తేడా ఇంకో కష్టం. దానికి సార్ ఒక పాత సంస్కృత శ్లోకం చెప్పారు. తండ్రి కొడుకుతో అంటాడట: ఎక్కువ చదవకపోయినా వ్యాకరణం మాత్రం చదువు నాయనా, స్వజనం శ్వజనం కాకుండా, సకలం శకలం కాకుండా. స్వజనం అంటే మనవాళ్లు. శ్వజనం అంటే కుక్కలు. సకలం అంటే మొత్తం, శకలం అంటే ముక్క. పెళ్లి కార్డులో "స్వజనులందరూ" అన్న మాట వచ్చినప్పుడల్లా నా వేళ్లు ఒక క్షణం ఆగుతాయి.

ఒకప్పుడు మేటరు కాగితం మీద వచ్చేది. ఇప్పుడంతా వాట్సాప్‌లోనే. చేత్తో రాసేటప్పుడు మనిషి ఒక్కో అక్షరాన్నీ తలుచుకుని రాస్తాడు. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే, డీ పక్కన హెచ్ పెట్టాలా వద్దా అన్నదాని మీద ద, ధ మారిపోతాయి. నోటితో చెప్పి కొట్టించుకుంటే ఇంకో రకం మాటలొస్తాయి. ఆ ఫోన్ మేటరును డీటీపీలో మేము వాడే "అను" ఫాంట్లలోకి మార్చేటప్పుడు మళ్లీ కొన్ని జంటాక్షరాలు చెదురుతాయి. మూడు చోట్ల జారిన మాటను చివర్లో ప్రూఫు చూసే మనిషే పట్టుకోవాలి. నేను మొదట మేటరంతా మామూలుగా చదువుతాను. తర్వాత చివరి లైను నుంచి పైకి చదువుతాను. పైనుంచి చదివితే కన్ను అలవాటైన మాటను తనే పూరించుకుంటుంది. కింది నుంచి చదివితే అక్షరమే కనబడుతుంది. పేర్లు, తేదీలు, ముహూర్తం మాత్రం పక్క టేబుల్ అమ్మాయి చేత బయటికి చదివిస్తాను.

తప్పు కనిపెట్టడం కంటే, దాన్ని రాసిన మనిషితో చెప్పడం కష్టం. ఒక స్కూలు హెడ్మాస్టరు గారికి ప్రదానోత్సవం సంగతి చెబితే ఆయన మొహం మారిపోయింది. "ఇరవై ఏళ్లుగా ఇట్టాగే వేయిస్తున్నాం. నువ్వేం చదువుకున్నావమ్మా?" అన్నారు. బీకాం అని చెప్పాను. ఆయన ధనే ఉంచమన్నారు, ఉంచాను. ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాను. చిన్న చీటీ మీద రెండు మాటలూ పక్కపక్కన రాసి, కింద ఒక్కో ముక్కలో వాటి భావం రాసి, "ఇందులో ఏది వేయమంటారు?" అని అడుగుతాను. చీటీ చూసినవాళ్లు దాదాపు అందరూ ఒప్పు మాటనే ఎంచుకుంటారు. ఎంచుకున్నది వాళ్లు కాబట్టి మనసు నొచ్చుకోదు. రెండూ వద్దనుకుంటే తెలుగు మాట చెబుతాను. అరవై ఏళ్ల పండుగ అనొచ్చు, బహుమతుల పండుగ అనొచ్చు. 13వ శతాబ్దంలో ఈ ఊళ్లోనే మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, విరాటపర్వం నుంచి పదిహేను పర్వాల భారతం చెప్పినప్పుడు తెలుగు మాటకే పెద్దపీట వేశాడు. మనం ఒక కార్డులో నాలుగు తెలుగు మాటలు వేసుకుంటే తక్కువేం కాదు.

అడగకుండా మాత్రం ఏదీ మార్చను. ఒకసారి రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గరి దస్తావేజు లేఖరి ఒకాయన టైపు చేయమని క్రయ దస్తావేజు తెచ్చాడు. అందులో "స్వాధీనము దఖలు పరచడమైనది" అని ఉంది. వేళ్లు "దాఖలు" వైపు వెళ్లాయి. ఆపుకుని అడిగాను. "దాఖలు చేసేది కాగితాన్నమ్మా, దఖలు పరిచేది ఆస్తిని" అన్నాడు. దాఖలు అంటే ఆఫీసులో సమర్పించడం. దఖలు అంటే వస్తువును అవతలివాళ్ల చేతికి అప్పగించడం. రిజిస్టరైన కాగితంలో పొరపాటు పడితే సవరణ దస్తావేజు రాసుకుని మళ్లీ రిజిస్టరు చేయించుకోవాలి. ఆ ఒక్క దీర్ఘం దగ్గర ఆగినందుకు ఆ రోజు నాకు సంతోషం అనిపించింది.

ఒక్కోసారి మాట తేడా ఒత్తులోనో దీర్ఘంలోనో ఉండదు, అది మనిషి పరువుకు సంబంధించినదై ఉంటుంది. ఒక సంఘం ఎన్నికల కరపత్రంలో, అవతలి పోటీదారు మీద కేసు ఉందని రాస్తూ ఆయన్ని "దోషి" అన్నారు. కేసు ఇంకా కోర్టులో నడుస్తోంది. ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు నిందితుడు. కోర్టు తేల్చాకే దోషి. మేటరు తెచ్చినతను "రెండూ ఒకటేలే అక్కా, వెయ్" అన్నాడు. ఒకటి కాదని చెప్పాను. మా ప్రెస్సులో ఆ మాట వేయనని కూడా చెప్పాను. ఓనరు కల్పించుకుని నా మాటే నిలబెట్టాడు. అతను చిరాకుపడ్డా చివరికి "నిందితుడు" అని మార్పించుకున్నాడు. ఈ రెండు మాటలనూ కలిపేసి రాయడాన్ని నేను పొరపాటు కింద తీసుకోలేను. అది అన్యాయం.

చుట్టాల పద్ధతి ఒకచోట నన్ను ఇబ్బందిపెట్టింది. వర్ధంతికి చుట్టాలను వెతికితే వర్ధనం, వర్ధిల్లు, వృద్ధి అన్నీ పెరగడమే. శృంగేరి పీఠంలో స్వామివారి వర్ధంతి అంటే పుట్టినరోజు. మనకేమో పోయినరోజు. ఇది కూడా తప్పేనా, మార్చమని చెప్పాలా అని సార్‌ను అడిగాను. "ఈ మాట ఈ గడ్డ మీద ఈ అర్థంతో స్థిరపడిపోయింది. పెద్దాయన వర్ధంతి అంటే ఇక్కడ పుట్టినరోజని ఎవరూ అనుకోరు. చదివేవాడికి ఏం తెలుస్తుందో అది చూడు" అన్నారు. షష్ఠిపూర్తిని కూడా అట్టాగే వదిలేయొచ్చు కదా అని నాలో నేను వాదించుకున్నాను. వదలబుద్ధి కాలేదు. షష్ఠి ఇప్పటికీ ఆరో తిథిగా బతికే ఉంది, క్యాలెండర్ల మీద ఉంది, గుళ్లలో ఉంది. బతికున్న మాట పేరును ఇంకో మాటకు పెట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. వర్ధంతికి మనలో రెండో అర్థం మిగల్లేదు కాబట్టి దాన్ని వదిలేశాను. ఇది నా లెక్క. సార్ దీనికి అవునని గానీ కాదని గానీ అనలేదు.

ఇప్పుడు మా దగ్గర కొత్తగా ఒక అమ్మాయి చేరింది. డిగ్రీ అయిపోయింది, చురుకైనది. నోట్‌బుక్ ఆమెకే ఇచ్చాను. పోయిన నెల ఉదయగిరి వైపు నుంచి ఒకామె వాళ్లమ్మ ప్రథమ వర్ధంతి కార్డు వేయించుకోవడానికి వచ్చింది. ఫోటో కింద వేయమని తనే ఆరు లైన్లు రాసుకొచ్చింది. "యాడున్నావమ్మా, నువ్వు లేకుండా ఎట్టా ఉండాల" అని మొదలవుతుంది.

సాయంత్రం ప్రూఫు నా టేబుల్ మీదికి వచ్చింది. ప్రథమలో థ సరిగ్గా ఉంది. అశ్రునయనాలకు కొమ్ము సరిగ్గా ఉంది. ఫోటో కింద మాత్రం "ఎక్కడున్నావమ్మా, నువ్వు లేకుండా ఎలా ఉండాలి" అని ఉంది.

"ఇది ఎవరు మార్చమన్నారు?" అని అడిగాను.

"తప్పులున్నాయి కదక్కా, దిద్దాను" అంది ఆ పిల్ల.

ఫోన్ ఆమె చేతికే ఇచ్చి, ఆ కస్టమర్‌కు చేసి చదివి వినిపించమన్నాను. స్పీకర్లో పెట్టింది. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత ఆమె అంది: "మా అమ్మ బతికినన్నాళ్లూ ఎక్కడ అని ఎప్పుడూ అనలా తల్లీ. పొలం నుంచి వస్తానే యాడున్నావే అని పిలిచేది. అట్టానే ఉండనియ్."

పిల్ల ఫోన్ పెట్టేసి ఏమీ మాట్లాడకుండా కీబోర్డు దగ్గరికి లాక్కుంది. నేను రెండో ప్రూఫు చదివాను. కింది లైను నుంచి పైకి ఒకసారి, పైనుంచి కిందికి ఒకసారి. సంతకం పెట్టి అచ్చుకు పంపించాను.